ప్రయాణ ఖర్చుల పద్దు

ఆరోగ్య శాఖ ప్రధాన కార్యాలయం నాలుగో అంతస్తులో లిఫ్టు దిగి ఎడమ పక్కకు తిరిగితే బడ్జెట్ సెక్షన్. ఆరు బల్లలు, పదకొండు బీరువాలు, బీరువాల్లో చోటు చాలక కిటికీ గట్టు మీదికి ఎక్కిన ఫైళ్ళు. కిటికీ పక్క బల్ల ఆవిడది. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. కుర్చీకి మాత్రం రెండుసార్లు వైరు మార్పించుకుంది.

జిల్లాల నుంచి వచ్చే ఖర్చుల అంచనాలు ముందు ఆ బల్ల మీదికే వచ్చేవి. కింద వాళ్ళు పది అడిగేవారు, పై వాళ్ళు ఆరు ఇస్తామనేవారు. తగ్గాల్సిన ఆ నాలుగూ ఎక్కడ తగ్గాలో చూసి చెప్పడం ఆవిడ పని. అందుకే ఆఫీసులో అందరూ ఆవిడను కోతల మేడమ్ అనేవారు. ఆ పేరు విన్న కొత్తవాళ్ళు, ఈవిడెవరో గొప్పలు చెప్పుకునే మనిషి కాబోలనుకునేవారు. తీరా చూస్తే పూట మొత్తానికి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. "ఆవిడ కోతలు కోయదు నాయనా, కోత కోస్తుంది" అని పాత గుమాస్తా ఒకాయన ప్రతి కొత్తవాడికీ చెప్పి, తన మాటకు తనే నవ్వుకునేవాడు. ఆవిడకు ఆ పేరు మీద కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆవిడ తండ్రి ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేశాడు. చిన్నప్పుడు సెలవు రోజుల్లో తండ్రి వెంట వెళ్ళి, ఉతికి ఆరిన దుప్పట్లను వార్డుకిన్ని చొప్పున కట్టలు కట్టేది. దుప్పట్లు ఏనాడూ అందరికీ సరిపోలేదు. ఎవరికి తగ్గించాలన్నది తండ్రికి రోజూ తెగని పంచాయితీ. "ఇవాళ ఎముకల వార్డుకి నాలుగు తక్కువ పంపుదాం. వాళ్ళు కాళ్ళకి కట్లేసుకుని ఉన్నారు, దిగొచ్చి పోట్లాడలేరు" అని నవ్వించేవాడు. నవ్వించి, సాయంత్రం ఇంటికెళ్ళేముందు ఆ వార్డుకే మొదట వెళ్ళి, రేపు మీ వంతని చెప్పి వచ్చేవాడు. ఆవిడ డిగ్రీ పూర్తి చేసి, పరీక్ష రాసి, ఆరోగ్య శాఖలోనే టైపిస్టుగా చేరింది. అంకెల్లో తప్పు దొర్లితే పేజీ తిప్పకముందే పట్టేసేది కాబట్టి, నాలుగేళ్ళు తిరక్కుండానే బడ్జెట్ సెక్షన్ వాళ్ళు తమలోకి లాక్కున్నారు.

భర్తకు సొంతంగా చిన్న లేత్ మిషన్ షాపు. ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు కాలేజీ, ఒకరు హైస్కూలు. ఇంటిపెత్తనమంతా అత్తగారిది. రాష్ట్రం మొత్తానికి మందులకెంత, మంచాలకెంత అని తేల్చే మనిషికి, తన ఇంట్లో పాలవాడికి నెలకెంత ఇస్తున్నారో తెలియదు. "ఆఫీసులో కోసొచ్చింది చాలు, ఇంట్లో కత్తెర నా దగ్గరుండనీ" అనేది అత్తగారు. కోడలికి అదే హాయిగా ఉండేది.

అత్తగారికి కొడుకు తరవాత ఒక్కతే కూతురు. ఆ ఆడపడుచు, నగరానికి నాలుగు గంటల బస్సు ప్రయాణంలో, కొండవార ఊళ్ళకు కేంద్రంగా ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో టీకాల నర్సు. పదకొండు ఊళ్ళు ఆమె చేతి కింద ఉండేవి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "నాకిప్పటికే ఎనిమిది వందల మంది పిల్లలు" అని నోరు మూయించేది. నెలకో ఆదివారం అమ్మను చూడ్డానికి వచ్చేది. వదినా ఆడపడుచూ ఇద్దరూ ఒకే శాఖ మనుషులైనా, ఆఫీసు సంగతులు ఇంట్లో మాట్లాడుకున్నది తక్కువ. ఒకరిది కాగితం పని, ఒకరిది సూది పని. ఆ రెండూ ఎక్కడో కలుస్తాయని ఇద్దరికీ తోచలేదు.

అలా ఉండగా ఒక ఏడు, అంచనాలన్నీ సిద్ధమై పైకి వెళ్ళబోతుండగా, ఆర్థిక శాఖ నుంచి ఒకే ఒక్క పేజీ ఉత్తరం వచ్చింది. ఆదాయం పడిపోయింది కనుక ప్రతి శాఖా తన అంచనాల్లో పన్నెండు శాతం తగ్గించుకోవాలి, గడువు నాలుగు రోజులు.

డైరెక్టర్ ఒకప్పుడు పేరున్న సర్జన్. కత్తి పట్టిన చేత్తో పెన్ను పట్టుకోవడం ఆయనకు ఎప్పుడూ పూర్తిగా అలవాటు కాలేదు. సెక్షన్ సూపరింటెండెంటునీ ఆవిడనీ పిలిపించి, తల పట్టుకున్నాడు.

"జీతాలు ముట్టుకోలేం. మందులు తగ్గిస్తే రేపు పొద్దున్నే పేపర్లో మనమే. కొత్త భవనాలకి శంకుస్థాపనలు అయిపోయాయి, ఆపితే మంత్రిగారు ఊరుకోరు. ఇంకేం మిగిలిందమ్మా?"

"ప్రయాణాలు మిగిలాయి సార్" అంది ఆవిడ. ఆ సమాధానం ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. "ప్రయాణ ఖర్చుల పద్దు ప్రతి ఏటా పెరుగుతూనే ఉంది. అరవై శాతం కోస్తే మనకి కావాల్సినదాంట్లో మూడో వంతు అక్కడే వస్తుంది. మిగతాది స్టేషనరీ, మీటింగులు, పోస్టర్లలో సర్దొచ్చు."

సూపరింటెండెంటు ఊపిరి పీల్చుకున్నాడు. డైరెక్టర్ మొహం విప్పారింది.

"అంటే జనానికి పోయేదేం లేదు, ఆఫీసర్ల షికార్లు తగ్గుతాయి. అంతేగా?"

"అంతే సార్."

పద్దులు కోసి కాగితాలు మూడో రోజుకే పంపేశారు. నాలుగు రోజుల గడువులో ఒకరోజు మిగిల్చిన శాఖ అదొక్కటేనని ఆర్థిక శాఖ వాళ్ళే మెచ్చుకున్నారు. డైరెక్టర్ సెక్షన్ మొత్తానికి టీ పార్టీ ఇచ్చి, ఆవిడ పేరు ప్రత్యేకంగా చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట భర్తతో చెప్పుకుంది. తన పని గురించి ఇంట్లో అంత మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ తరవాత ఏడాదిన్నర గడిచింది.

ఒక ఆదివారం ఆడపడుచు వచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోంచే గోలగోలగా వచ్చే మనిషి ఆ రోజు చెప్పులు విడిచి, కిక్కురుమనకుండా లోపలికొచ్చి కూర్చుంది. భోజనాల దగ్గర పళ్ళెంలో అన్నం అటూ ఇటూ కెలుకుతోంది తప్ప తినడంలేదు.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" అంది అత్తగారు.

"బాగానే ఉందమ్మా. ఉద్యోగమే బాగాలేదు."

కాసేపు గుచ్చిగుచ్చి అడిగితే సంగతి బయటికొచ్చింది. ఆమె కేంద్రంలో టీకాలు దాచే ఫ్రిజ్ ఉంది. మామూలు ఇంటి ఫ్రిజ్‌లాంటిది కాదు, ఎప్పుడూ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. దానికి కరెంటు సర్దే స్టెబిలైజర్ చెడిపోయింది. బాగుచేయడానికి జిల్లా కేంద్రంలో ఒకే ఒక్క మెకానిక్ ఉన్నాడు. ఉత్తరం రాస్తే రాలేదు. మళ్ళీ రాసింది. నాలుగు ఉత్తరాలు రాసింది. ఈలోగా ఫ్రిజ్ పూర్తిగా చచ్చిపోయింది. పక్క ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ నుంచి తన సొంత ఖర్చుతో ఐసు తెప్పించి, టీకాలను పెట్టెల్లో సర్ది పదకొండు రోజులు నెట్టుకొచ్చింది. పన్నెండో రోజు ఆదివారం. ఫ్యాక్టరీకి సెలవు.

"సోమవారం పొద్దున పెట్టె తీసి చూస్తే ఇంకేముంది. ప్రతి సీసా మీదా చిన్న గుండ్రం మధ్యలో తెల్ల చదరం ఉంటుంది వదినా. వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది. అన్నీ నల్లబడిపోయాయి. ఆరు వందల నలభై మందికి సరిపడే మందు."

"అయ్యో, మరి ఏం చేశావ్?"

"ఏం చేస్తాను, పారేసి రిజిస్టర్లో రాశాను. రాయకుండా వేసేసినా ఎవరికీ తెలియదు. ఆ మందు వల్ల పిల్లకి ఏమీ కాదు, అదే దాంతో వచ్చిన చిక్కు. టీకా పడిందని తల్లి ధైర్యంగా ఇంటికెళ్ళిపోతుంది. పని మాత్రం చేయదు." గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగింది. "నిజం రాసినందుకు మెమో ఇచ్చారు. నా నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వానికి నష్టమట. నా జీతంలోంచి ఎందుకు కోయకూడదో చెప్పమన్నారు."

"వాళ్ళ మొహాలు మండ!" అంది అత్తగారు.

"కొత్త స్టాకు రావడానికి మూడు వారాలు పట్టింది. దాన్ని పక్క కేంద్రం ఫ్రిజ్‌లో పెట్టి, ఏ రోజుకారోజు తెచ్చుకుంటున్నాను. తరవాత నెలలో రెండు ఊళ్ళలో తట్టు లేచింది. పద్నాలుగు మంది పిల్లలకి. అందరూ కోలుకున్నారు, ఒక్క పాపకి మాత్రం చెవిలోకి దిగింది. ఎడమ చెవి వినపడదిప్పుడు. మా మందు ఉండుంటే ఆ పాపకి టీకా పడేదో లేదో నేను చెప్పలేను. వాళ్ళమ్మ అంతకుముందు కూడా రెండుసార్లు రమ్మంటే రాలేదు. కానీ ఆ మూడు వారాల్లో ఒకసారి వచ్చింది. లేదని చెప్పి తిప్పి పంపింది నేనే."

పిల్లలిద్దరూ పళ్ళేలు తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

"అసలు ఆ మెకానిక్ ఎందుకు రాలేదు?" అనడిగింది కోతల మేడమ్. ఆమె అడిగింది మామూలుగానే. జవాబు వినేదాకా ఆ ప్రశ్న తనవైపే వస్తోందని తెలియదు.

"మంచివాడే వదినా, పాపం. బస్సు ఛార్జీలు లేవట. ప్రయాణాల డబ్బు పైనుంచి ఆపేశారట. ఏడాది పైనే అయిందిట."

పళ్ళెం ముందు కూర్చునే ఉన్న ఆవిడకు లెక్క మొత్తం కళ్ళ ముందు ఆడింది. ఆఫీసర్లకు కార్లున్నాయి. కార్ల పెట్రోలు వేరే పద్దు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ప్రయాణ ఖర్చుల పద్దులో బతికేది బస్సెక్కి తిరిగేవాళ్ళు. ఇంత చిన్న సంగతి పద్దెనిమిదేళ్ళ అనుభవంలో తనకు తట్టలేదు.

"ఆ డబ్బు ఆపింది నేనే" అంది.

"నువ్వంటే మీ ఆఫీసా?"

"ఆఫీసు కాదు, నేను. అరవై శాతం కోయమని చెప్పింది నేనే. డైరెక్టర్ మెచ్చుకున్నాడు కూడా."

ఆడపడుచు వదిన మొహంలోకి చాలాసేపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆవిడ తరవాత ఎన్నోసార్లు అనుకుంది. చెయ్యి కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, "మూడింటి బస్సుకి వెళ్తానమ్మా" అని తల్లికొక్కదానికే చెప్పి వెళ్ళిపోయింది. మరుసటి నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఫోను చేస్తే తల్లితో మాట్లాడి పెట్టేసేది.

అత్తగారు కోడలిని ఒక్క మాటా అనలేదు. కానీ ఆ వారం రోజులూ వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగానే వినపడింది.

ఆవిడ రెండు రోజులు సెలవు పెట్టి జిల్లా కేంద్రానికి బస్సెక్కింది. శాఖ పని మీద కాదు కనుక టికెట్టు తనే కొనుక్కుంది. ఫ్రిజ్ మెకానిక్ ఉండేది జిల్లా మందుల గోడౌను వెనక రేకుల షెడ్డులో. యాభై దాటిన మనిషి. బల్ల మీద పనిముట్లు పరిమాణం వారీగా వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని వాడక చాలా రోజులైనట్టు అన్నీ తళతళలాడుతున్నాయి.

తానెవరో చెప్పింది. ఆయన కంగారుగా లేచి, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేశాడు.

"హెడ్డాఫీసు వాళ్ళు ఈ షెడ్డుకి రావడం ఇదే మొదటిసారి మేడమ్. ఎవరి మీదైనా ఎంక్వయిరీనా?"

"ఎవరి మీదా కాదు. మీకొచ్చిన ఫిర్యాదులు రాసే పుస్తకం ఉంటుందా?"

ఉంది. అట్ట చినిగితే కాలెండరు కాగితంతో అంటించిన పొడుగాటి పుస్తకం. ఆ ఏడాదిన్నరలో డెబ్బై ఒక్క చోట్ల నుంచి కబుర్లొచ్చాయి. ఆయన వెళ్ళగలిగింది పంతొమ్మిదింటికి.

"ఆ పంతొమ్మిదీ ఎలా వెళ్ళారు?"

"సైకిలు మీద వెళ్ళగలిగినంత దూరం సైకిలు మీద. తరవాత మా బావమరిదికి పాల వ్యాను ఉంది, అది ఎటు పోతే అటుపక్క ఊళ్ళు చూసొచ్చాను. పాల వ్యాను పోని ఊళ్ళలో ఫ్రిజ్ చెడిపోతే వాళ్ళ ఖర్మ." అని, మాట తూలానేమోనని నాలిక్కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోకండి మేడమ్. నాకు జీతం నెలనెలా పడుతోంది. స్పానరుంది, స్పేరుపార్ట్స్ ఉన్నాయి. బస్సు టికెట్టొకటే లేదు. ఖాళీగా కూర్చుని జీతం తీసుకోవడం ఎంత నామోషీయో ఎవరికి చెప్పుకోను?"

"ఎవరికీ రాయలేదా?"

"రాశాను మేడమ్. నిధులు వచ్చాక పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఇదుగో." ఫైల్లోంచి కాగితం తీసి ఇచ్చాడు. కింద సంతకం జిల్లా ఆఫీసుది. పైన మాత్రం ప్రధాన కార్యాలయం ఉత్తర్వు నంబరొకటి ఉదహరించారు. ఆ నంబరు ఆవిడకు కంఠతా వచ్చు. ఆ ఉత్తర్వు టైపు చేసింది తనే.

ఆవిడ ఆ పుస్తకంలో పేజీలన్నిటికీ, ఆ కొండవార కేంద్రం నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలకూ నకళ్ళు తీయించుకుంది. మెకానిక్ బస్టాండు దాకా వచ్చి ఎక్కించాడు. డబ్బులొస్తాయా అని అడగలేదు. కొండవార కేంద్రాల్లో రెండింటికి కొత్త స్టెబిలైజర్లు సిద్ధం చేసి పెట్టానని మాత్రం చెప్పాడు.

నెలన్నర తరవాత ఆడపడుచు మెమో ఫైలు ప్రధాన కార్యాలయానికి చేరింది. ప్రభుత్వ సొమ్ము నష్టమైనప్పుడు దాన్ని వసూలు చేయాలో, రద్దు చేయాలో బడ్జెట్ సెక్షన్ అభిప్రాయం రాయాలన్నది నియమం. ఫైలు తిన్నగా కోతల మేడమ్ బల్ల మీదికే వచ్చింది. ఆవిడ తెరిచి, పేరు చూసి, మూసి, సూపరింటెండెంటు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఈవిడ మా ఆడపడుచు సార్. ఈ ఫైలు నేను చూడకూడదు. వేరే వాళ్ళకివ్వండి."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? ఆఫీసు రికార్డుల్లో నీది పుట్టింటి ఇంటిపేరే కదా. రద్దు చేయొచ్చని రెండు ముక్కలు రాసి పడెయ్, నేను సంతకం పెడతాను."

ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. తన సెక్షన్ మనిషికి సాయం చేద్దామనే అనుకున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఫైలు పక్క బల్లకు వెళ్ళింది. తరవాత ఆవిడ తన బల్ల దగ్గర కూర్చుని, తెల్లకాగితం మీద చేత్తో రాయడం మొదలుపెట్టింది. ఎప్పుడూ మొదటి ప్రయత్నంలోనే నోటు పూర్తిచేసే మనిషి, ఆ రోజు ఐదు కాగితాలు చించింది.

ఆ నోటు పేజీన్నర. మెమో అందుకున్న నర్సు తన భర్త చెల్లెలని మొదటి వాక్యంలోనే రాసింది. అందువల్ల ఆమె చేసింది ఒప్పా తప్పా అన్న సంగతి తాను మాట్లాడటంలేదని, తన పని గురించి మాత్రమే రాస్తున్నానని రెండో వాక్యం. ఫలానా తేదీన ప్రయాణ ఖర్చుల పద్దులో అరవై శాతం కోత ప్రతిపాదించింది తానేనని, ఆ పద్దు మీద ఆధారపడ్డవాళ్ళెవరో విచారించకుండానే ఆ పని చేశానని, దానివల్ల ఒక్క జిల్లాలోనే యాభై రెండు కేంద్రాలకు మెకానిక్ వెళ్ళలేకపోయాడని రాసి, నకళ్ళన్నీ జతచేసింది. మిగతా జిల్లాల సంగతి కూడా విచారించాలని కోరి సంతకం పెట్టింది.

మరుసటి రోజు డైరెక్టర్ గది నుంచి పిలుపొచ్చింది. ఆయన కూర్చోమనలేదు.

"ఏంటమ్మా ఇది? ఎవరైనా అడిగారా నిన్ను?"

"లేదు సార్."

"ఆ కోత నా సంతకంతో వెళ్ళింది. నీ తప్పని నువ్వు రాస్తే అది ఎవరి తప్పవుతుందో తెలుసా? నాదవుతుంది. పైన మంత్రిగారిదీ అవుతుంది."

"నా తప్పనే రాశాను సార్. మీరు నన్ను ఒక మాట అడిగారు. షికార్లే కదా తగ్గేదన్నారు. అంతేనన్నాను. నాకు తెలియకుండా అంతేనన్నాను."

"ఆడపడుచుని కాపాడుకోవడానికి ఆడిన నాటకమంటారు రేపు."

"అంటారు సార్. అందుకే మొదటి లైన్లోనే రాశాను."

డైరెక్టర్ ఆ నకళ్ళు తిరగేశాడు. కాలెండరు కాగితం అంటించిన అట్ట కూడా నకల్లో పడింది. ఆయన ఆ పేజీల దగ్గర ఆగాడు. సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒకసారి ఆపరేషన్ మధ్యలో యంత్రం ఆగిపోయి, మెకానిక్ కోసం నలభై నిమిషాలు ఎదురుచూసిన సంగతి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాడు.

"వెనక్కి తీసుకో. మెమో సంగతి నేను వేరేగా చూస్తాను."

"మెమో ఒక్కటే అయితే తీసుకునేదాన్ని సార్. ఇంకా యాభై ఒక్క ఫ్రిజ్‌లున్నాయి."

ఆయన నకళ్ళను దొంతిగా సర్ది పక్కన పెట్టాడు. చివరికి, "వెళ్ళు" అన్నాడు. ఆ ఒక్క మాటలో కోపమెంతో, ఇంకేముందో ఆవిడకు తేల్చుకోవడం కుదరలేదు.

నోటును ఆయన తొక్కిపెట్టలేదు. దాని మీద తన ఆకుపచ్చ సిరాతో, "అన్ని జిల్లాల నుంచి నివేదిక తెప్పించండి" అని రాశాడు. నివేదికలొచ్చేసరికి అన్ని జిల్లాలూ కలిపి ఆగిపోయిన ఫ్రిజ్‌లు నాలుగు వందల పైచిలుకు తేలాయి. జీతంలో కోత ప్రతిపాదన రద్దయింది. అయితే ఐసు అయిపోకముందే పక్క కేంద్రానికి మందు తరలించి ఉండాల్సిందని నర్సుకొక హెచ్చరిక మాత్రం మిగిలింది. కోతల మేడమ్‌ను కూడా సంజాయిషీ అడిగారు. ఇచ్చింది. ఆ ఏడు సూపరింటెండెంటు రిటైరైతే ఆ కుర్చీ ఆవిడకు రావాలి. ఆవిడకన్నా మూడేళ్ళు చిన్నవాడైన పక్క బల్ల ఆయనకు వెళ్ళింది. ఆయన మొహమాటపడుతూ వచ్చి, "అక్కా, నేనడగలేదు" అన్నాడు. "నాకు తెలుసు, ముందు ఆ బీరువా తాళాలు తీసుకో" అని చేతిలో పెట్టింది.

మెకానిక్‌ల ప్రయాణాల కోసం విడిగా ఒక పద్దు తెరవమని ఆర్థిక శాఖకు రాస్తే, కొత్త పద్దులు తెరిచేది లేదని తెగేసి చెప్పారు. రెండోసారి రాసినా అదే జవాబు. అప్పుడు ఆవిడే దారి కనిపెట్టింది. టీకాల కార్యక్రమానికి వేరే నిధి ఉంది, దాన్ని ఎవరూ తగ్గించరు. ఫ్రిజ్‌ల రక్షణ కూడా టీకాల పనేనని చూపించి, మెకానిక్‌ల బస్సు ఛార్జీలను అందులోకి చేర్చింది. రాష్ట్రం మొత్తానికి అయిన ఖర్చు, ఒక కొత్త ఆసుపత్రి భవనం ముందు కట్టే సిమెంటు తోరణం ఖర్చులో సగం కూడా లేదు.

ఆ కాగితం ఆమోదమై వచ్చిన నెల చివర్లో ఇంటికి ఫోనొచ్చింది. అత్తగారు స్నానానికి వెళ్ళడంతో ఆవిడే ఎత్తింది. అవతల ఆడపడుచు. పెట్టేస్తుందేమోననుకుంది.

"అమ్మ షుగర్ మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా?"

"వేసుకుంటోంది. స్వీట్లు కూడా తింటోంది."

"దాచిపెట్టు."

"దాచాల్సిన చోట్లన్నీ ఆవిడకే తెలుసు."

అవతల నవ్వు వినపడినట్టే అనిపించింది.

"మెకానిక్ వచ్చాడు వదినా. స్టెబిలైజర్ మార్చాడు. జిల్లా ఆఫీసులో నువ్వు రాసింది చూపించారు నాకు."

"ఊఁ."

"నాకు హెచ్చరిక మిగిలింది తెలుసా?"

"తెలుసు."

"అది కూడా కొట్టించి ఉండాల్సింది."

"అది నా చేతిలో లేదు."

"తెలుసులే. వచ్చే ఆదివారం వస్తున్నానని అమ్మకి చెప్పు."

వచ్చింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పూర్వంలా గుమ్మంలోంచే గోల చేయలేదు కూడా. కోపం పోయిందా అని ఆవిడ అడగలేదు. అడిగి తెలుసుకునేది కాదని ఊరుకుంది.

అప్పటి నుంచి ఆవిడ పనితీరు మారింది. జిల్లాలకు పంపే అంచనాల పత్రంలో అంకెల పక్కన ఇంకో గడి చేర్చింది. "ఇది ఇవ్వకపోతే ముందుగా ఎవరి పని ఆగుతుంది?" అన్నది ప్రశ్న. మొదటి ఏడు జవాబులు రకరకాలుగా వచ్చాయి. చాలామంది ఆ గడిలో "ప్రజలు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. ఒక డాక్టరు కొత్త సోఫా అడిగి, ముందుగా ఇబ్బంది పడేది తన నడుమని నిజాయితీగా రాశాడు. ఫినాయిలు అడిగిన ఒక వార్డు సిస్టరు మాత్రం, "ముందు ఆగేది రోగులే, గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని" అని రాసింది. ఆ కాగితం సెక్షనంతా తిరిగింది. ఫినాయిలుకు అడిగినంతా ఇచ్చారు. ఆ గడిలో ఏమీ రాయనివాళ్ళకు ఆవిడే ఫోను చేసేది. ఆఫీసరుకు కాదు. ఆఫీసరును దాటి స్టోరు మనిషికో, డ్రైవరుకో, నర్సుకో. రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి గంటలకొద్దీ ఫోనులో ఉంటోందని పాత గుమాస్తా ముక్కు మీద వేలేసుకున్నాడు.

పక్క బల్ల ఆయన బదిలీ అయి వెళ్ళడంతో, రెండేళ్ళు ఆలస్యంగానైనా సూపరింటెండెంటు కుర్చీ ఆవిడకు వచ్చింది. కోతలు మాత్రం ఆగలేదు. అడిగినదంతా ఇచ్చే ఏడాది ఆవిడ ఉద్యోగంలో ఒక్కటీ రాలేదు. సూపరింటెండెంటయిన మొదటి ఏడే ఆర్థిక శాఖ మళ్ళీ ఎనిమిది శాతం తగ్గించమంది. గడులన్నీ చదివింది, ఫోన్లన్నీ చేసింది. ఆరోగ్య వారోత్సవాల వేదికలు, బ్యానర్లు మొత్తం కొట్టేస్తే ప్రచార విభాగం అధికారి మూడు రోజులు మొహం మాడ్చుకు తిరిగాడు. అయినా సరిపోలేదు. చివరికి మిగిలినవి రెండు. ఒకటి పాముకాటు మందు, రెండోది బడిపిల్లల కళ్ళద్దాలు. కళ్ళద్దాలను ఆరు నెలలు వెనక్కి నెట్టింది.

బడిపిల్లల కళ్ళు చూసే డాక్టరు తెలిసిన రోజే పోట్లాటకు వచ్చాడు.

"గడి నింపాను కదండీ! పేరాలు పేరాలు రాశాను! చదివారా అసలు?"

"రెండుసార్లు చదివాను. కూర్చోండి."

"చదివి కూడా కోశారా?"

"చదివే కోశాను. పాముకాటు మందు ఆగితే మనిషి పోతాడు. కళ్ళద్దాలు ఆగితే ఒక ఆరు నెలల చదువు పోతుంది. మీరు రాసింది నిజమే. నేను చేసింది మంచిపనని నేననను."

ఆయన ఇంకా గట్టిగా మాట్లాడదామనే వచ్చాడు. అవతలి మనిషి సమర్థించుకోకపోయేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

జూన్‌లో బళ్ళు తెరిచేనాటికి రావాల్సిన కళ్ళద్దాలు ఆ ఏడు డిసెంబరులో వచ్చాయి. ఆ ఆరు నెలలూ బోర్డు కనపడక ఇబ్బంది పడ్డ పిల్లలెందరో బడుల వారీగా లెక్క రాసి పంపమని ఆవిడ ఆ డాక్టరునే అడిగింది. రెండు వేల నూట పన్నెండు మంది. ఆయన పంపిన జాబితాను కుట్టించి, మరుసటి ఏటి అంచనాల ఫైల్లో అంకెలకన్నా ముందు, మొదటి పేజీగా పెట్టి పైకి పంపింది.